గుత్తికి కట్టిన బెండు

మా హాస్టల్‌లో మెస్ గోడ మీద ఒక పెద్ద బోర్డు ఉండేది. దాని మీద మూడే శీర్షికలు: నీళ్లు, గాలి, తాళం. ఆ మూడింటి కిందా కలిపి పద్నాలుగు రూల్సు. చదువు గురించి గానీ, సెల్‌ఫోన్ల గురించి గానీ, మగపిల్లల గురించి గానీ ఒక్క ముక్క లేదు. నన్ను చేర్పించడానికి వచ్చిన రోజు మా నాయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ బోర్డు మొత్తం తీరిగ్గా చదివాడు. చదివి, "ఈ అమ్మకి పిల్లోళ్ల మీద బెంగ లేదు పాపా. బెంగంతా కరెంటు మీదా, తాళంచెవుల మీదా ఉండాది" అన్నాడు. ఆ అమ్మ, అంటే మా వార్డెన్ మేడం, సరిగ్గా మా వెనకే నిలబడి ఉంది. నెల్లూరులో నా మూడేళ్ల డిగ్రీ చదువు అలా మొదలైంది.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. నాయన వేటకు పోతాడు, పోని రోజుల్లో వలలు బాగుచేస్తాడు. మా ఊరి నుంచి కాలేజీకి రావాలంటే ముందు షేర్ ఆటో నిండాలి, తర్వాత విడవలూరులో బస్సు దొరకాలి, ఆ బస్సు డ్రైవరు టీ తాగడం పూర్తి చెయ్యాలి. ఇవన్నీ జరిగేసరికి నెల్లూరులో రెండో పీరియడు అయిపోతుంది. నాకంటే ముందు మా ఊళ్లో ఇద్దరు అక్కలు రోజూ తిరిగి చదువుతామని మొదలుపెట్టి దసరా సెలవులకే మానేశారు. కాబట్టి నాకు హాస్టల్ మంచం ఉంటేనే చదువు. మంచం పోతే డిగ్రీ పోయినట్టే.

ఆ మంచం పోవడానికి ఒక పద్ధతి ఉండేది. వార్డెన్ మేడం దగ్గర పొడుగాటి రిజిస్టర్ ఒకటి, దాంట్లో ఒక్కో అమ్మాయికి ఒక్కో పేజీ. బోర్డు మీది రూలు ఏదన్నా తప్పితే ఆ పేజీలో తప్పేమిటో రాసి, కింద స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గీత గీసేది. మూడు ఎర్ర గీతలు పడ్డ అమ్మాయి పెట్టె సర్దుకోవాలి. బతిమాలడాలు, ఏడుపులు, ఎవరో పెద్దమనుషులతో ఫోన్ చేయించడాలు, ఏవీ పనిచెయ్యవు. నా మొదటి ఏడాదిలోనే అలా ఇద్దరు పెట్టెలు సర్దుకుని వెళ్లడం నా కళ్లతో చూశాను. అయినా నాకు బుద్ధి రాలేదు, అది వేరే సంగతి.

మేడం యాభై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, చకచకా నడిచేది. నడుముకు తాళాల గుత్తి దోపుకునేది. ఇరవైకి పైగా తాళంచెవులు: ఆఫీసు గది, స్విచ్ రూము, స్టోరు, మేడ మీద తలుపు, గేటు, బీరువాలు, ఇంకా దేనివో ఆమెకే తెలియని నాలుగైదు. ఆ గలగలను బట్టి ఆమె ఏ అంతస్తులో ఉందో, కోపంగా ఉందో, మామూలుగా ఉందో కూడా చెప్పేవాళ్లం. ఆదివారం మాత్రం తెల్ల పట్టుచీర కట్టుకుని చర్చికి పోయేది. పట్టుచీరకు తుప్పు మరక పడుతుందని ఆ ఒక్క రోజు గుత్తిని చేత్తో పట్టుకునేది.

ముందు గాలి గురించి చెప్పాలి. ఆదివారం తప్ప, సెలవు రోజైనా సరే, పొద్దున తొమ్మిదికి మేడం స్విచ్ రూములోకి పోయి మెయిన్ కట్టేసేది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ వేసేది. పగలు అమ్మాయిలంతా కాలేజీలో ఉంటారు కదా, ఖాళీ గదుల్లో ఫాన్లు ఎందుకని ఆమె లెక్క. జ్వరమొచ్చి గదిలో పడుకున్నదాని సంగతేమిటని అడిగితే, పైకి వచ్చి చేతికి ఒక తాటాకు విసనకర్ర ఇచ్చి పోయేది. అంచు చిరగకుండా చుట్టూ నీలం గుడ్డ కుట్టిన పాత విసనకర్ర అది. మూడేళ్లలో హాస్టల్‌లోని ప్రతి జ్వరమూ దాన్ని చూసింది.

నెల్లూరు ఎండ గురించి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా నమ్మరు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే పరుపు మనల్ని కాలుస్తోందా, మనం పరుపును కాలుస్తున్నామా తెలిసేది కాదు. మూడు దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ గాలి మా గది కిటికీకి ఎప్పుడొస్తుందో నాకు మా ఊళ్లో పుట్టిన పుణ్యాన ముందే తెలిసిపోయేది. "ఇంకో పావుగంట" అని నేనంటే మా వరండా అంతా నమ్మేది. తడి దుప్పటి కిటికీకి కట్టి ఆ గాలి కోసం కూర్చునేవాళ్లం. కిటికీలకు తడిబట్టలు కట్టరాదన్నది తొమ్మిదో రూలు. గీత పడకుండా తప్పించుకున్నా, అది తొమ్మిదోది అని ఇంత బాగా ఎందుకు గుర్తుందో మీరే ఊహించుకోండి.

మమ్మల్ని ఎండ కంటే ఎక్కువ మండించిన సంగతి ఇంకొకటి ఉంది. మేడం గది కింది అంతస్తులో, మెట్ల వెనక. పగలు మెయిన్ కట్టేసి ఉన్నప్పుడు కూడా ఆ గది తలుపు దగ్గర చెవి పెడితే గుయ్‌మని మోత వినిపించేది. ఏసీ అని హాస్టలంతా తీర్మానించింది. మమ్మల్ని వేయించుకు తింటూ తను మాత్రం చల్లగా నిద్రపోతోందని మేం పళ్లు కొరికేవాళ్లం. నేనైతే ఒకటిన్నర టన్నులదని కూడా చెప్పాను. టన్ను అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు.

ఇక నీళ్లు. ప్రతి అంతస్తుకూ ఒక గీజరు, పొద్దున ఒక్క గంట. ఆ గంటలో ఇరవై బకెట్లు. నెల్లూరు చలి అంటే బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు గానీ, ధనుర్మాసంలో వాన ముసురు పట్టి, పొద్దున్నే ఆ ట్యాంకు నీళ్లు వీపు మీద పడితే అప్పుడు తెలుస్తుంది. నా గదిలో ఉండే అమ్మాయిది దొరవారిసత్రం. వరి పండించే ఇల్లు. అందరూ దాన్ని సత్రం పిల్ల అనేవాళ్లు. తమిళనాడు దగ్గర కావడంతో దాని మాటల్లో అక్కడక్కడ తమిళం దొర్లేది. దాని పెట్టెలో చాప చుట్ట ఉండేది, ఆ చాప చుట్టలో నీళ్లు కాచే హీటర్ రాడ్ ఉండేది. రాడ్ ఉంచుకోరాదన్నది రెండో రూలు.

ఒక పొద్దున గీజరు దగ్గర మా వంతు వచ్చేసరికి నీళ్లు చల్లారిపోయాయి. "సీక్రం తలుపెయ్ మే, నా రాడ్ పెడదాం" అంది సత్రం పిల్ల. దాని బకెట్‌లో బట్టలు నానుతున్నాయని నా బకెట్ తెచ్చాను. రాడ్ పెట్టి రెండు నిమిషాలు కాలేదు, టప్‌మని అంతస్తు మొత్తం కరెంటు పోయింది. తల సగం ఆరబెట్టుకున్నవాళ్లు, సగం ఇస్త్రీ చేసుకున్నవాళ్లు వరండాలోకి వచ్చి కేకలు. ఇస్త్రీ పెట్టె కూడా నిషేధమే కాబట్టి వాళ్లు కొంచెం మెల్లగా కేకలు వేశారు. గలగల పైకి వచ్చింది. తిన్నగా మా గది ముందే ఆగింది. బకెట్ మీద నెయిల్ పాలిష్‌తో నా పేరు నేనే పెద్దక్షరాలతో రాసుకుని ఉన్నాను. సత్రం పిల్ల దొడ్డ మనసుది, "రాడ్డు నాది మేడం" అని వెంటనే ఒప్పేసుకుంది. మేడం ఇద్దరి పేజీల్లోనూ చెరొక గీత గీసింది. "ఒకరిది రాడ్డు, ఒకరిది బకెట్టు. నీళ్లు మాత్రం ఇద్దరివీ గదా" అంది.

రెండో గీత తాళం కిందికి వస్తుంది. గదికి ఇద్దరం, తాళంచెవి ఒక్కటి. చివర పోయేవాళ్లు తాళం వేసి, చెవిని ఆఫీసు గదిలోని మేకుల బోర్డుకు తగిలించి పోవాలి. తాళంచెవి హాస్టల్ గేటు దాటరాదు. ఇది రాసుకున్నంత తేలిక కాదు నాకు. మా ఇంటికి అసలు తాళమే లేదు. ఇంట్లో అందరూ బయటికి పోతే గొళ్లెంలో ఒక పుల్ల గుచ్చుతాం. పుల్ల ఉంటే మనుషులు లేరని అర్థం, అంతే. పుల్లను ఎవరూ బ్యాగులో వేసుకుని ఊరికి పోరు. నేను మాత్రం ఒక శనివారం ఊరికి పోతూ తాళంచెవిని బ్యాగులో వేసుకుని పోయాను.

అది కూడా సరిపోలేదన్నట్టు, సత్రం పిల్ల కాలేజీకి పోయిందనుకున్నాను. అది స్నానానికి పోయింది. నైటీ తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో బకెట్‌తో వచ్చి చూస్తే తలుపుకు తాళం. ఆఫీసులో ప్రతి గదికీ రెండో చెవి ఉంటుంది, నిజమే. కానీ అది తియ్యాలంటే గదిలోని ఇద్దరూ సంతకం పెట్టాలని పదమూడో రూలు. ఒక సంతకం నైటీలో ఉంది, రెండో సంతకం విడవలూరు బస్సులో ఉంది. రూలు రాసిన మేడం కూడా రూలును దాటలేక, చివరికి తన చీరా జాకెట్టూ ఇచ్చింది. ఆ పొట్టి మనిషి జాకెట్టు పొడుగాటి సత్రం పిల్లకు ఎక్కడిదాకా వచ్చిందో అది ఇప్పటికీ నాకు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది.

మర్నాడు పొద్దున్నే నాయన నన్ను బండి మీద ఎక్కించుకుని నెల్లూరు తీసుకొచ్చాడు. బయలుదేరే ముందు ఆ తాళంచెవిని తీసుకుని, చిన్న పిడికిలంత బెండు ఒకటి నైలాను తాడుతో దానికి కట్టాడు. బెండంటే వల పైఅంచున కట్టేది, నీళ్ల మీద తేలేది. ఇంటి ముందు నీళ్ల డ్రమ్ములో వేసి చూపించాడు. చెవి కిందికి వేలాడుతూ బెండు పైన తేలింది. "ఇంత లావు ఉంటే బ్యాగులో ఏసుకోలేవు, ఏసుకున్నా తెలస్తాది. నీళ్లలో పడినా పోదు" అన్నాడు. హాస్టల్‌కు వచ్చాక మేడం ముందు నిలబడి, "తప్పు మా పిల్లదేనమ్మా" అని, నా కంటే ముందే తల దించుకున్నాడు. గీత పడ్డందుకు కాదు గానీ, నాయన తల దించుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

మేడం గీత గీయడం పూర్తి చేసి, స్కేలు పక్కన పెట్టి, ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. బెండును బొటనవేలితో నొక్కింది. "బాగుండాదే ఇది" అంది. తర్వాత కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "నా గుత్తికి కూడా ఒకటుంటే బాగుండు" అంది. మేడం నోటి వెంట ఏదన్నా బాగుంది అన్న మాట రావడం నేను వినడం అదే మొదటిసారి. రెండు గీతలు పడి ఉన్న అమ్మాయికి అంతకంటే మంచి కబురు ఏముంటుంది చెప్పండి.

ఆ తర్వాత ఊరికి పోయినప్పుడు నాయన సంచిలోంచి నారింజరంగు బెండు ఒకటి తీసుకొచ్చాను. మేడం గుత్తి నా చేతికిచ్చి, కట్టమంది. ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. వల కట్టే ఇళ్లల్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చే లెక్క ఒకటుంటుంది. పైన బెండ్లు, కింద సీసపు గుండ్లు. ఇన్ని గుండ్లకు ఇన్ని బెండ్లు అని. బెండ్లు తక్కువైతే వల అడుక్కి పోతుంది. ఆ గుత్తి చేతిలోకి రాగానే నా చెయ్యి చెప్పేసింది, ఇది ఒక్క బెండుతో తేలేది కాదని. కనీసం నాలుగైదు కావాలి. కానీ గుత్తికి ఐదు బెండ్లు కట్టుకుని తిరిగితే ఆమె మనిషిలా ఉండదు, వలలా ఉంటుంది. మంచి చేసుకుందామని పోయి ఆ మాట ఎలా చెప్పను?

"నీళ్లలో పడినా తేలుద్దా?" అని అడిగింది.

"తేలతాది మేడం. మా నాయన వల బెండు" అన్నాను. రెండో మాట నిజమే.

ఆమె మురిసిపోయి లోపలికి పోయి గుప్పెడు గులాబీ పువ్వులు తెచ్చి పెట్టింది. క్రిస్మస్‌కు పిండి అచ్చులో ముంచి నూనెలో వేయిస్తారే, అవి. నేను తింటూ మెట్లెక్కాను. సత్రం పిల్ల నా మొహం చూసి, "ఏంది మే, పండగా?" అంది. సగం దానికిచ్చాను. అబద్ధం మాత్రం నేనొక్కదాన్నే ఉంచుకున్నాను.

అప్పటి నుంచి మేడం గుత్తి చప్పుడు మారిపోయింది. గలగల మధ్యలో బెండు తగిలి టప్‌టప్‌మనేది. చూసేవాళ్లకల్లా చూపించేది. మూడో గీత ఇక నా జోలికి రాదని నేను నిశ్చింతగా ఆఖరి ఏడాది మే నెల దాకా వచ్చాను.

ఆఖరి పరీక్షలు. సోమవారం తొమ్మిదింటికి పరీక్ష, ముందు రోజు ఆదివారం. ఆదివారాల్లో పది నుంచి పన్నెండు దాకా గదుల వరండాలు కడుగుతారు. ఆ రెండు గంటలూ అమ్మాయిలంతా గదులకు తాళాలు వేసి, చెవులు ఆఫీసులో తగిలించి, మెస్ హాల్లోకి వచ్చి కూర్చోవాలి. వరండాల్లో నీళ్లు పారతాయని ఆ రెండు గంటలు మెయిన్ కూడా కట్టేసి ఉంటుంది. మేడం ఆఫీసుకు తాళం వేసి చర్చికి పోయి, పన్నెండుకల్లా వచ్చి అన్నీ తెరుస్తుంది. ఎప్పుడూ జరిగేదే. ఆ రోజు పన్నెండున్నర అయినా రాలేదు. అరవైమంది అమ్మాయిలం, తిరగని ఫాన్ల కింద, చున్నీలతో విసురుకుంటూ ఉన్నాం. పుస్తకాలు, హాల్ టికెట్లు అన్నీ గదుల్లో.

చివరికి గేటు దగ్గర తెల్ల పట్టుచీర కనిపించింది. అందరం లేచాం. ఆమె తిన్నగా లోపలికి రాకుండా, భోజనాలయ్యాక అమ్మాయిలు బట్టలుతుక్కుంటారు కదా, నీళ్లెంత ఉన్నాయో చూద్దామని ముంగిట్లోని సంపు దగ్గర ఆగింది. అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి. ఇనుప మూత ఒక చేత్తో ఎత్తింది. వంగి చూసింది. రెండో చేతిలో గుత్తి ఉంది.

చప్పుడు నాకు మెస్ కిటికీలోంచి వినిపించింది. గుభుక్.

నేను పరిగెత్తుకుపోయేసరికి ఆమె సంపు గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి చూస్తూ, "ప్రభువా" అంటోంది. నీళ్ల మీద సుళ్లు ఉన్నాయి, బెండు లేదు. ఒకరి వెనక ఒకరు అరవైమందీ వచ్చి చుట్టూ మూగారు. ఎవరో "రెండో చెవులు ఉన్నాయిగా మేడం" అన్నారు. ఉన్నాయి. ఆఫీసులో, భద్రంగా. ఆఫీసు చెవి సంపులో ఉంది. స్విచ్ రూము చెవి సంపులో ఉంది. ఆదివారం తాళాలు తీసేవాళ్లెవరూ దొరకరు. పగలగొట్టాలంటే మేనేజ్‌మెంటుకు ఫోన్ చెయ్యాలి. వాళ్లొస్తే ఎలా పడిందని అడుగుతారు, తేలుతుందని ఎవరు చెప్పారని అడుగుతారు. రిజిస్టర్‌లో నా పేజీ తెరుస్తారు. అక్కడ రెండు గీతలు సిద్ధంగా ఉన్నాయి. ఆఖరి పరీక్షల ముందు రోజు పెట్టె సర్దుకుని ఊరికి పోతే మర్నాడు తొమ్మిదింటికి ఏ ఆటో, ఏ బస్సు నన్ను పరీక్షకు చేరుస్తుంది?

మేడం తల తిప్పి నా వంకే చూసింది. "తేలతాదన్నావు గదే" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను చున్నీ నడుముకు బిగించి కట్టాను. "సంపులోకా? పిచ్చి పట్టిందా మే!" అని సత్రం పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "మా ఊరి కాలవ కంటే లోతా ఏంది, వదులు" అని గోడకున్న ఇనుప మెట్లు పట్టుకుని దిగాను. వేసవి కదా, నీళ్లు గుండెల దాకానే ఉన్నాయి.

ఇక్కడొక నిజం చెబుతాను. నా చదువు, పరీక్ష, పరువు అన్నీ ఆ గుత్తి మీద ఆధారపడి ఉన్నాయి. అయినా ఆ నీళ్లు ఒంటికి తగలగానే నాకు తెలియకుండానే "అబ్బా" అన్నాను. మూడేళ్లుగా ఎండలో మేం వెతుక్కున్న చల్లదనమంతా మా కాళ్ల కిందే, ఇనుప మూత కింద దాక్కుని ఉంది. పైనుంచి అరవై మొహాలు అసూయగా చూస్తున్నాయి. "దొరికిందా?" అని ఎవరో అడిగితే, "ఇంకా వెతుకుతుండా" అన్నాను. ఇంకా వెతకడం మొదలుపెట్టనే లేదు.

తర్వాత కాలివేళ్లతో అడుగంతా తడిమాను. పాచి, ఒక ప్లాస్టిక్ మగ్గు, ఎవరిదో పట్టీ. మూల దగ్గర మెత్తగా, గుండ్రంగా ఏదో మోకాలికి తగిలి పక్కకు జరిగింది. నారింజరంగు బెండు. గుత్తి అడుగున కూర్చుంటే, బెండు తాడు సాగినంత మేర పైకి లేచి నీళ్లలో నిలబడి ఉంది, మునిగిన వలలో నిలబడినట్టే. బరువును మోయలేకపోయింది గానీ ఎక్కడ ఉందో చూపించింది. దాన్ని పట్టుకుని లాగాను. గుత్తి మొత్తం వచ్చింది. పైన చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మాత్రం, నేను దిగిన నీళ్లే కదా, అందరూ నన్ను తిట్టుకుంటూ స్నానాలు చేశారు.

బయటికి రాగానే ముందు స్విచ్ రూము తెరుస్తుందనుకున్నాం. మేడం నా చెయ్యి పట్టుకుని, "పరీక్ష పెట్టుకోని జలుబు చేస్తాది. ముందు తుడుచుకో" అని తన గది తాళం తీసింది. నేను ఏసీ చూడబోతున్నానని, తడిబట్టల్లో కూడా, సంబరపడ్డాను.

గదిలో ఏసీ లేదు. కూలర్ లేదు. ఇనుప మంచం, బైబిలు, మూల మట్టి కుండ, మేకుకు నీలం గుడ్డ అంచు విసనకర్ర. ఒకటే కిటికీ. అది బయటికి కాదు, సంపు మోటారు బిగించిన ఇరుకు గదిలోకి తెరుచుకుంటుంది. మోటారుకు వేరే లైను ఉండడంతో మెయిన్ కట్టేసినా తిరిగేది. మేం ఏసీ అనుకున్న గుయ్‌మనే మోత అదే. మా నీళ్లు పైకి ఎక్కించే మోటారు రోజంతా ఆమె తలాపిన మోగి, వేడి ఆమె గదిలోకే వదిలేది. తువ్వాలు నా చేతిలో పెట్టి ఆమె పక్కనున్న స్విచ్ రూములోకి పోయింది. టక్‌మని చప్పుడైంది. మెస్ హాల్లో ఫాన్ల కింద అమ్మాయిలంతా "హే" అని అరిచారు. నా నెత్తి మీద ఆమె ఫాను కూడా అప్పుడే మెల్లగా కదిలింది. మాకు కట్టేసిన ప్రతిసారీ తనకూ కట్టేసుకుందన్నమాట. జ్వరం వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆ ఒక్క విసనకర్ర ఇచ్చిన రోజు తను దేంతో విసురుకుందో నాకు తెలియదు. సిగ్గేసింది నాకు. ఒకటిన్నర టన్నులని చెప్పింది నేనే.

సాయంత్రం కబురొచ్చింది. ఆఫీసుకు రమ్మని. టేబుల్ మీద రిజిస్టర్, స్కేలు, ఎర్ర పెన్ను. కుర్చీ కూడా చూపించకుండా ఆమె పేజీలు తిప్పుతోంది. నేనే ముందు చెప్పేశాను. గుత్తి చేతిలోకి తీసుకున్న రోజే తేలదని తెలుసని, రెండు గీతలున్నాయి కదా అని మీ దగ్గర మంచిగా ఉండాలని అబద్ధం చెప్పానని. "గీత గీయండి మేడం. పరీక్షలయ్యే దాకా మాత్రం ఉండనియ్యండి" అన్నాను.

మేడం నా పేజీ దాటి పోయింది. రిజిస్టర్ చివర ఖాళీ పేజీ తీసి, పైన తన పేరు రాసుకుంది. కింద "నిర్లక్ష్యంగా తాళాలు సంపులో పడవేయుట" అని రాసి, స్కేలు పెట్టి, మాకు గీసినంత శ్రద్ధగా ఒక ఎర్ర గీత గీసింది. రిజిస్టర్ నా వైపు తిప్పి, "సాక్షిగా సంతకం పెట్టు" అంది.

"కానీ తేలుతుందని చెప్పింది నేను కదా మేడం."

"నువ్వు చెప్తే నేను నమ్మినానా? ఆ రోజే బకెట్లో ఏసి చూసినాలే. రాయి మునిగినట్టు మునిగింది."

నాకు అర్థం కాలేదు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు కట్టుకున్నారు మేడం?"

ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. "ఇన్నేళ్లలో నేను గీతలు గీసిన పిల్ల ఒక్కటన్నా నాకేదన్నా తెచ్చి ఇచ్చిందా? నువ్వు తెచ్చినావు గదా" అంది.

నేను సంతకం పెట్టాను. ఏడుస్తూ పెట్టానేమో, నా పేరులో రెండక్షరాలు అలుక్కుపోయాయి. మేడం స్కేలు సొరుగులో పెట్టి, పొద్దున్నే పరీక్ష ఉందిగా పోయి చదువుకోమంది.